బలమునకు ముందు మెలకువ

అమెరికా దేశమున ఫుట్‌బాలనెడి ఆట మన మైదానమున నాడు ఫుట్‌బాలు కాదు. అందు ఒక్కొక్క పక్షమున 11 మంది యుందురు. బంతిని చేతబట్టి పరుగెత్తుదురు. నాలుగు ప్రయత్నములలో 10 గజములు సాగనిచో బంతి ఎదిరిపక్షము వశమగును. బంతిగల పక్షపు ముందువరుసవారు ఎదిరివారిని త్రోసి దారి చేయుదురు. రక్షణపక్షపు ముందువరుసవాడు ఆ యడ్డును విడిపించుకొని బంతిగలవానిని పట్టవలయును. ఈ విద్యను బాలురకెట్లు నేర్పవలెనని నేడు విచారింతము.

బలిష్ఠుడైన బాలుని జూచి "పోయి ఢీకొనుము" అని పంపుట కొందఱు శిక్షకులకు సులభముగా దోచును. అది బోధన కాదని నా దృఢాభిప్రాయము. ఢీకొనుట మాత్రమే నేర్చినవాడు తల వంచును. తల వంచినవానికి బంతి కానరాదు. మెడకు అపాయము తప్పదు. 1976లో ఆ దేశపు ఉన్నతపాఠశాలల, కళాశాలల నియమకర్తలు తలతో ముందుగా తాకుటను నిషేధించిరి. పిమ్మట మెడయెముకలు విరిగి అవయవములు చచ్చుబడు ప్రమాదములు మిక్కిలి తగ్గెను. నేషనల్ ఫుట్‌బాల్ లీగు 1977లో ఎదిరివాని తలపై చఱచుటను మాన్పించి, 1978లో అడ్డగించువానికి చేతులు చాచి త్రోయు స్వేచ్ఛ నొసగెను. కావున రక్షకునికి చేతుల నేర్పు మఱింత యావశ్యకమయ్యెను.

ఆ నేర్పునకు వరుస కలదు. మోకాళ్లు వంచి, తల యెత్తి, ఎదిరివానికంటె తగ్గుగా నిలువవలెను. బొటనవ్రేళ్లు పైకుండ, చేతులను వాని చేతుల లోపలినుండి రొమ్మున నుంచవలెను. పిదప చేతులు చాచి ఎడము చేసికొని, బంతి యెటు పోవునో చూడవలెను. ఆ మీదటనే వానిని ప్రక్కకు లాగి తప్పించుకొనవలెను. చూడకమునుపే విడిపించుకొన్నవాడు తాను కావలసిన సందును తానే విడిచిపెట్టును.

దీనిని మొదట మోకాళ్లపై నిలిపి చేతులతో మాత్రమును, తరువాత నడకవేగమునను, తుదకు పూర్ణవేగమునను అభ్యసింపజేయవలెను. నెమ్మదియభ్యాసము ఆటలో నిలువదని కొందఱందురు. అక్షరములు దిద్దింపక పద్యము చదివింపవచ్చునా?

అమెరికాలో కాపురముండు తెలుగు తల్లిదండ్రులారా! మీ కుమారుని ఈ యాటకు బంపునపుడు, శిక్షకుడెన్ని పందెములు గెలిచెనని యడుగుటకు ముందు, బాలుని తల యెట్లుంచుట నేర్పుచున్నాడో యడుగుడు. పందెము మఱుసటి యేట గెలువవచ్చును. విరిగిన మెడ మరల రాదు.