థర్మల్ స్కాన్‌లో ‘అంతా నార్మల్’ అని వస్తే రొమ్ము క్యాన్సర్ లేనట్టేనా?

‘నొప్పి ఉండదు, రేడియేషన్ ఉండదు, ఎవరూ ముట్టుకోరు. కెమెరా ముందు కాసేపు కూర్చుంటే చాలు, ఒంట్లో ఏ జబ్బు ఉందో తెలిసిపోతుంది.’ రాజమహేంద్రవరంలోనో, కాకినాడలోనో ఉంటున్న మీ వాట్సాప్ గ్రూపులో ఇలాంటి హెల్త్ క్యాంప్ పోస్టర్ ఒకటి వచ్చిందనుకోండి. ఊళ్లో ఉన్న అమ్మకు దాన్ని ఫార్వర్డ్ చేస్తారా?

గోదావరి జిల్లాల్లో క్యాన్సర్ పరీక్షలపై ఆత్రుత పెరగడానికి ఒక కారణం ఉంది. తూర్పు గోదావరి జిల్లా బిక్కవోలు మండలం బలభద్రపురంలో క్యాన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయని 2025 మార్చిలో అనపర్తి ఎమ్మెల్యే నల్లమిల్లి రామకృష్ణారెడ్డి అసెంబ్లీలో ప్రస్తావించారు. ఆ వెంటనే వైద్య బృందాలు ఊళ్లో దిగి, ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేశాయి. చుట్టుపక్కల ఊళ్లలోనూ భయం మొదలైంది. భయం ఉన్నచోట ‘సులువైన పరీక్ష’ అన్న మాటకు గిరాకీ ఉంటుంది. అందుకే థర్మల్ స్కాన్ ఏం చూడగలదో, ఏం చూడలేదో ముందే తెలుసుకోవడం మంచిది.

కెమెరాకు కనిపించేది ఏమిటి?

మన చర్మం నుంచి నిరంతరం పరారుణ కిరణాలు వెలువడుతుంటాయి. అవి కంటికి కనిపించవు. థర్మల్ కెమెరా వాటిని కొలిచి, వేడిగా ఉన్నచోట ఎరుపు, చల్లగా ఉన్నచోట నీలం వేసి బొమ్మగా చూపిస్తుంది. కొవిడ్ రోజుల్లో మాల్ గుమ్మం దగ్గర మీ నుదుటికి ఎదురుగా పెట్టిన గన్ కూడా ఇదే సూత్రంపై పనిచేస్తుంది. అది ఒక్క చోట వేడి కొలుస్తుంది, కెమెరా ఒకేసారి వేల చోట్ల కొలుస్తుంది.

దెబ్బ తగిలినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా ఆ చోటికి రక్త ప్రసరణ పెరుగుతుంది. ఎర్రబడటం, వేడెక్కడం, వాయడం, నొప్పి పుట్టడం, ఈ నాలుగూ కలిసి కనిపిస్తాయి. క్యాన్సర్ గడ్డ కూడా పెరగడానికి కొత్త రక్తనాళాలను తనవైపు లాక్కుంటుంది. దాని పైనున్న చర్మం కాస్త వేడెక్కవచ్చు. రొమ్ము క్యాన్సర్ ఉన్నచోట చర్మం వేడిగా ఉంటోందని కెనడా వైద్యుడు రే లాసన్ 1950ల్లోనే గమనించారు. థర్మల్ స్క్రీనింగ్ ఆలోచనకు పునాది అదే.

అయితే కెమెరా చూసేది చర్మం ఉపరితలాన్ని మాత్రమే. లోపలికి తొంగి చూడలేదు. లోతుగా ఉన్న చిన్న గడ్డ పైకి వేడి పంపకపోవచ్చు. మరోవైపు, పాలిచ్చే తల్లికి రొమ్ములో చీము పట్టినా వేడి కనిపిస్తుంది. నెలసరి రోజులను బట్టి కూడా వేడి మారుతుంది. అంటే కెమెరా ‘ఇక్కడ వేడిగా ఉంది’ అని మాత్రమే చెబుతుంది. ఆ వేడి ఎందుకొచ్చిందో చెప్పలేదు.

మామోగ్రామ్ బదులు ఇది సరిపోతుందా?

సరిపోదు. ఈ పాఠం ప్రపంచం ఒకసారి నేర్చుకుంది. అమెరికాలో 1973లో మొదలైన భారీ రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్ ప్రాజెక్టులో దాదాపు 2.8 లక్షల మంది మహిళలు పాల్గొన్నారు. మొదట్లో అందులో థర్మోగ్రఫీని కూడా చేర్చారు. బయటపడిన క్యాన్సర్లలో సగం కూడా అది పట్టుకోలేకపోవడంతో మధ్యలోనే పక్కన పెట్టారు. 2019లో అమెరికా ఎఫ్‌డీఏ మళ్లీ హెచ్చరించింది: థర్మోగ్రఫీ మామోగ్రామ్‌కు ప్రత్యామ్నాయం కాదు, మరో పరీక్షకు తోడుగా మాత్రమే వాడాలి.

మరి ఈ పద్ధతి మళ్లీ ఎందుకు వినిపిస్తోంది? కెమెరాలు మెరుగయ్యాయి, బొమ్మను విశ్లేషించడానికి కృత్రిమ మేధ వచ్చింది. బెంగళూరులో గీతా మంజునాథ్ స్థాపించిన నిరామయ్ సంస్థ ఇలాంటి సాఫ్ట్‌వేర్‌నే తయారు చేసింది. మన దేశంలో దీనికి నిజమైన అవసరం ఉంది. ఇక్కడ పాశ్చాత్య దేశాలతో పోలిస్తే చిన్న వయసులోనే రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తోంది. చిన్న వయసువారి రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది కాబట్టి మామోగ్రామ్‌లో గడ్డను గుర్తించడం కష్టం. మామోగ్రామ్ యంత్రం ప్రతి మండలానికీ రాదు. పరీక్షకు సిగ్గుపడి ఆగిపోయేవాళ్లూ ఉన్నారు. ఎవరూ ముట్టుకోని పరీక్ష అంటే వాళ్లు ముందుకు రావచ్చు.

ఈ లాభాలను కాదనలేం. కానీ కొత్త సాఫ్ట్‌వేర్‌పై వెలువడిన అధ్యయనాలు ఎక్కువగా వందల మందితో చేసినవే. వాటిని బట్టి స్కాన్ బాగుంటే ఇంక డాక్టర్ అక్కర్లేదని చెప్పలేం.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

స్క్రీనింగ్‌లో తప్పు రెండు రకాలుగా జరుగుతుంది. జబ్బు లేకపోయినా ఉందేమోనని భయపెట్టడం మొదటిది. దానివల్ల డబ్బు, మనశ్శాంతి పోతాయి. జబ్బు ఉన్నా లేదని చెప్పడం రెండోది. దానివల్ల కాలం పోతుంది. క్యాన్సర్ విషయంలో పోగొట్టుకోకూడనిది కాలమే.

మీ అమ్మగారికి చేతికి చిన్న గడ్డ తగిలిందనుకుందాం. క్యాంపులో రంగుల రిపోర్టు చూసి ‘నార్మల్’ అన్నారు. నొప్పి కూడా లేదు కదా అని ఆమె ఆరు నెలలు ఊరుకున్నారు. నిజానికి రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. కాబట్టి చేతికి గడ్డ తగిలినా, చనుమొన లోపలికి లాక్కుపోయినా, రక్తం లాంటి స్రావం వచ్చినా, చర్మం సొట్టపడినా, చంకలో గడ్డ కనిపించినా స్కాన్ ఏం చెప్పిందన్నది పక్కన పెట్టండి. నేరుగా డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. అల్ట్రాసౌండ్ లేదా మామోగ్రామ్, అవసరమైతే బయాప్సీ చేస్తేనే ఏ సంగతీ తేలుతుంది.

మన వాతావరణంలో ఇంకో చిక్కు

స్కాన్‌కు ముందు మనిషి చల్లని గదిలో పది, పదిహేను నిమిషాలు కూర్చుని ఒళ్లు ఆరబెట్టుకోవాలి. గది ఉష్ణోగ్రత మారకూడదు. గాలి నేరుగా ఒంటికి తగలకూడదు. మే నెలలో కోనసీమ ఉక్కపోతలో, స్కూలు వరండాలో ఫ్యాను కింద చెమటలు కక్కుతూ తీసిన బొమ్మలో కనిపించేది జబ్బో, ఎండో చెప్పడం ఎవరి తరమూ కాదు. క్యాంపుకు వెళ్లగానే ముందు ఆ గదిని చూడండి.

డెల్టాకు ఈ పాఠం కొత్తది కాదు

బోదకాలు సంగతి గుర్తు చేసుకోండి. కాలు వాచాక జబ్బుందని చెప్పడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. వాపు రాకముందే పట్టుకోవాలంటే రక్తంలో పురుగు పిల్లలు కనిపించాలి. అవి ఎక్కువగా రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి. అందుకే సిబ్బంది రాత్రి పొద్దుపోయాక ఇంటింటికీ వచ్చి వేలి నుంచి రక్తం తీసుకునేవారు. నిద్ర లేపుతున్నారని విసుక్కున్నా, ఆ జబ్బుకు అదే సరైన సమయం, అదే సరైన పరీక్ష. ఏ జబ్బుకు తగిన పరీక్ష దానికి ఉంటుంది. అన్నిటికీ ఒకే కెమెరా చాలదు.

వేడి కొలత బాగా పనికొచ్చే చోటు

షుగర్ ఉన్నవారి పాదాలు. నరాలు మొద్దుబారితే ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కొరికినా తెలియదు. పుండు పడబోయే చోట కొన్ని రోజుల ముందే వేడి పెరగవచ్చు. రెండు పాదాల్లో ఒకే చోట కొలిచినప్పుడు తేడా 2.2 డిగ్రీల సెల్సియస్ దాటి, వరుసగా రెండు రోజులు అలాగే ఉంటే నడక తగ్గించి డాక్టర్‌కు చూపించుకోవాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇక్కడ ఒక పాదాన్ని అదే మనిషి రెండో పాదంతో పోలుస్తాం కాబట్టి లెక్క తేలిక. కొవిడ్ రోజుల్లో కొన్న గన్ బీరువాలో ఉంటే, అందులో ‘సర్ఫేస్’ మోడ్ ఉందేమో చూడండి. వాడే ముందు డాక్టర్‌ను అడగండి. వేడి తేడా లేకపోయినా రోజూ పాదాలు చూసుకోవడం మాత్రం మానకూడదు.

ఉచితంగా అందేది ఏమిటి?

జాతీయ మార్గదర్శకాల ప్రకారం 30 ఏళ్లు దాటినవారికి నోటి క్యాన్సర్, మహిళలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్ ప్రభుత్వ వ్యవస్థలోనే ఉచితంగా చేయాలి. రొమ్ము పరీక్షకు అక్కడ వాడేది కెమెరా కాదు, శిక్షణ పొందిన చేయి.

చేత్తో చూస్తే ఏం తెలుస్తుందని తీసిపారేయకండి. ముంబైలో టాటా మెమోరియల్ 1998లో సుమారు 1.5 లక్షల మంది మహిళలతో మొదలుపెట్టిన అధ్యయనం 20 ఏళ్లు సాగింది. ఫలితాలు 2021లో వెలువడ్డాయి. ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించిన మహిళల్లో క్యాన్సర్ ముందు దశల్లోనే బయటపడింది. 50 ఏళ్లు దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవారిలో మరణాలు తగ్గినట్టు స్పష్టంగా తేలలేదు.

ఊళ్లో అయితే ఏఎన్ఎంను, విలేజ్ హెల్త్ క్లినిక్‌ను, పట్టణంలో అయితే అర్బన్ పీహెచ్‌సీని అడగండి. అనుమానం ఉంటే పెద్దాసుపత్రికి రాయించుకోండి. క్యాన్సర్ అని తేలితే అర్హులైన కుటుంబాలకు ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స ఉంది. టాటా మెమోరియల్ ఆధ్వర్యంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి విశాఖపట్నంలోనే ఉంది.

క్యాంపులో అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

1. ఈ స్కాన్ ఏ జబ్బు కోసం? ‘అన్ని జబ్బులకూ’ అంటే అనుమానించాల్సిందే.
2. రిపోర్టు చూసేది ఎవరు? డాక్టర్ పేరు, సంతకం ఉంటాయా?
3. తేడా కనిపిస్తే తర్వాతి పరీక్షకు ఎక్కడికి పంపుతారు? ఖర్చు ఎవరిది?
4. నార్మల్ వస్తే మళ్లీ ఏ పరీక్ష, ఎప్పుడు చేయించుకోవాలి?

మూడో ప్రశ్నకు జవాబు లేని క్యాంపు, ఎంత మంచి కెమెరా తెచ్చినా, మనిషిని సగం దారిలో వదిలేసినట్టే. జవాబు ఉంటే స్కాన్ చేయించుకోవడంలో తప్పులేదు. కానీ పోస్టర్ ఫార్వర్డ్ చేసే ముందు అమ్మకు ఒక ఫోన్ చేయండి. ‘గడ్డ లాంటిదేమైనా చేతికి తగులుతోందా?’ అని అడగండి. తగులుతోందంటే క్యాంపు తేదీ వచ్చేదాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.