చివరి వరుసకు వినబడాలి: మైకు, కెమెరా, కానుకల డబ్బు



ఈ మధ్య ఏ పెద్దల కూటానికి వెళ్లినా ఇదే మాట వినిపిస్తోంది. ఎల్‌ఈడీ స్క్రీన్ ఎప్పుడు పెడుతున్నారు? లైవ్ ఎప్పుడు మొదలు? పట్టణాల్లో వందలమంది కూర్చునే మందిరాలకు అవి అవసరమే కావచ్చు. రేపల్లె దిగువన, నిజాంపట్నం వైపు మా వంటి చిన్న సంఘాల లెక్క వేరు. మన కానుకల పెట్టెలో పడేది నాట్ల కూలి, రొయ్యల చెరువుల మీద కాపలా జీతం, పిడికెడు బియ్యం అమ్మగా వచ్చిన డబ్బు. దానితో ఏం కొనాలన్నది మిషన్ల గురించిన ప్రశ్నలా కనబడుతుంది గాని, గృహనిర్వాహకత్వపు ప్రశ్న. మా అభిప్రాయం దాచుకోకుండా చెబుతాం. ముందు శబ్దం, ఆ తర్వాతే బొమ్మ. అప్పు చేసి మాత్రం రెండూ వద్దు.

నెహెమ్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయం తీసి చూడండి. ఎజ్రా ధర్మశాస్త్రం చదవడానికి ప్రత్యేకంగా ఒక కర్ర పీఠం చేయించారు. జనానికి కనబడాలని, వినబడాలని చేసిన ఖర్చు అది. అంతటితో ఆగలేదు, చదివినదానికి అర్థం చెప్పడానికి లేవీయులను జనం మధ్య నిలబెట్టారు. పీఠం మీద పెట్టిన ఖర్చు కంటే అర్థమయ్యేలా చేయడానికి పడిన శ్రమే ఎక్కువ. మన ప్రభువైతే ఒడ్డున జనం మూగినప్పుడు దోనె ఎక్కి కూర్చుని బోధించాడు. అక్కడ దోనె ముందే ఉంది. ఉన్నదానితో పని జరిగింది.

చేతిలో డబ్బు లేనివారే ఈ పనిలో తెలివైన దారులు కనిపెట్టారని చరిత్ర చెబుతుంది. 1939లో లాస్ ఏంజెలెస్‌లో జాయ్ రిడర్‌హాఫ్ అనే సహోదరి గాస్పెల్ రికార్డింగ్స్ పరిచర్య మొదలుపెట్టారు. చదువు రాని ప్రజలకు వారి మాతృభాషలోనే సువార్త వినిపించాలని గ్రామఫోన్ రికార్డులు చేశారు. కరెంటు లేని పల్లెల కోసం ఆ పరిచర్యవారు తరువాత మడతపెట్టే అట్టతోనే ఒక రికార్డు ప్లేయర్ తయారుచేశారు. మోటారు లేదు, బ్యాటరీ లేదు, చేత్తో తిప్పడమే. మన దగ్గర 1978లో వచ్చిన కరుణామయుడు చిత్రాన్ని పల్లెల్లో రాత్రిపూట తెల్లగుడ్డ కట్టి ప్రొజెక్టరుతో చూపించినప్పుడు నేల మీద కూర్చుని ఏడ్చినవారు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. సీషెల్స్ దీవుల నుంచి ఒకప్పుడు వచ్చిన ఫెబా రేడియో తెలుగు ప్రసారాలను గరగర మధ్యలోనే చెవి ఒగ్గి విన్న తరం కూడా ఉంది. శబ్దం బాగోలేకపోయినా విన్నారు. ఇప్పుడు అలా వినరు. ఫోనులో మాట స్పష్టంగా లేకపోతే బొటనవేలితో పైకి తోసేస్తారు.

అందుకే మొదట మైకు గురించి. మన మందిరాల్లో ఎక్కువవాటికి రేకుల కప్పు, సున్నం గోడలు, గచ్చు నేల. మాట ఎక్కడ తగిలినా వెనక్కి కొడుతుంది. మాట తెలియడం లేదని ఇంకా పెద్ద సౌండ్ బాక్సులు తెచ్చిపెడితే ప్రతిధ్వని కూడా పెద్దదవుతుంది, అంతే. ముందు వెనుక గోడకు మందపాటి దుప్పట్లు గాని, మన రేపల్లె ప్రాంతంలో దొరికే తుంగ చాపలు గాని గోడకు అంటకుండా బెత్తెడు ఎడంగా వేలాడదీసి చూడండి. నేల మీద పట్టాలు పరచండి. జనం నిండితే శబ్దం మెత్తబడుతుందని మైకు సెట్టు వాళ్లందరికీ తెలుసు, మనుషులూ బట్టలూ ప్రతిధ్వనిని తాగేస్తాయి. మందిరం లోపల హారన్లు వద్దే వద్దు, అవి ఊరేగింపులకు చేసినవి. బాక్సులు మైకు కంటే ముందుకు, జనం వైపు తిరిగి ఉండాలి. వెనక పెడితే మైకు కుయ్‌మంటుంది.

అన్నిటికంటే చౌకైనది నోటికీ మైకుకీ మధ్య దూరం. అది రెట్టింపైతే గొంతు బలం ఆరు డెసిబెల్స్ పడిపోతుంది, మందిరపు హోరు మాత్రం తగ్గదు. మైకును జానెడు దూరంలో స్థిరంగా ఉంచుకునే బోధకుడికి పాత అహూజా సెట్టు చాలు. మైకు చేతిలో ఊపుకుంటూ తిరిగే బోధకుడికి లక్ష రూపాయల సెట్టు కూడా చాలదు. (ఈ మాట రాస్తున్నందుకు కొందరు సేవకులు నొచ్చుకుంటారు. అయినా చెప్పాలి.)

బయటికి పెట్టే హారన్ల గురించి కూడా ఒక మాట. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు నిషేధం. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 హద్దు. పక్కింట్లో పరీక్షకు చదువుకునే బిడ్డ ఉన్నప్పుడు చట్టం చెప్పేదాకా ఆగడం మనకు తగదు.

ఇక రికార్డింగ్. లైవ్ కంటే ఆడియోకే మేము మొగ్గు చూపుతాం, కారణం లెక్కలోనే ఉంది. అరగంట వాక్యాన్ని 32 కేబీపీఎస్ మోనోలో దాస్తే ఏడు ఎంబీ. అదే అరగంట వీడియో సాధారణ నాణ్యతలో, సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున, 450 ఎంబీ. మంచం పట్టిన మామ్మకు, హైదరాబాదులో వాచ్‌మన్‌గా ఉన్న సహోదరుడికి, కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన ఆడబిడ్డకు ఏది చేరుతుంది? ఆ బిడ్డ పాత్రలు తోముకుంటూ వింటుంది, చూడటానికి ఆమెకు తీరిక ఉండదు. మేము ఆదివారం సాయంత్రమే వాట్సాప్‌లో ఆడియో పంపుతాం. స్మార్ట్‌ఫోను లేని పెద్దవారికి మెమరీ కార్డులో వేసి చిన్న ఎఫ్ఎం బాక్సులో పెట్టిస్తాం. చేతులు మారి మారి ఆ కార్డులు తిరుగుతూనే ఉంటాయి.

ఇందుకు కావలసినది వెయ్యి రూపాయల ప్రాంతంలో దొరికే వైరు కాలర్ మైకు. బోయా ఎం1 రకానికి ఆరు మీటర్ల వైరు వస్తుంది. కొత్త ఫోన్లలో దాని పిన్నుకు చోటుండదు కనుక చిన్న కన్వర్టరు కొనాలి. ఒక ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, కాలర్ మైకు తగిలించి, జేబులో వేసుకుని వాక్యం చెప్పండి. వీడియో కూడా కావాలంటే రెండో ఫోను స్టాండు మీద పెట్టి, మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. తరువాత ఆ చప్పుడు దగ్గర రెండింటినీ జతచేయవచ్చు. హోరు తగ్గించడానికి ఆడాసిటీ, కంప్యూటరు ఉంటే లైవ్‌కు ఓబీఎస్, రెండూ ఉచితమే. ఫోను నుంచి యూట్యూబ్ లైవ్ ఇవ్వాలంటే 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. మా ప్రాంతంలో సిగ్నల్ సంగతి మీకూ తెలుసు, కాబట్టి రికార్డు చేసి తరువాత ఎక్కించడమే నయం.

తెర మీద పాటలు వేసేవారు అక్షరం సంగతి చూడండి. వంకరలు తిరిగిన సన్నటి ఫాంటు, వెనక ఎగిరే పావురాలు, జలపాతాలు వేస్తే వృద్ధులు చదవలేరు. దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారి పేరుతో ఉన్న మండలి ఫాంటు, శీర్షికలకు రామభద్ర, ఉచితంగానే దొరుకుతాయి. నల్లని తెర, తెల్లని అక్షరం, ఒకసారికి నాలుగు పాదాలు చాలు.

పాటల హక్కుల విషయంలో చాలామంది నిర్లక్ష్యంగా ఉన్నారు. ఆరాధనలో పాడుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు. అదే పాటను యూట్యూబులో పెట్టడం వేరు. మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. 1890లో ప్రభువునందు నిద్రించిన పురుషోత్తమ చౌధరి గారి కీర్తనలు ఎవరైనా పాడి పెట్టుకోవచ్చు. కాని వాటిని వేరొకరు పాడిన క్యాసెట్టును ఎత్తి పెట్టకూడదు, ఆ రికార్డింగుకు హక్కు వేరే ఉంటుంది.

యవ్వనస్థులు మాతో వాదిస్తారు: బొమ్మ లేకపోతే ఈ కాలంలో ఎవరు చూస్తారు అయ్యగారూ అని. వారి మాటలో నిజముంది. మా సంఘంలో ఎప్పుడూ నోరు తెరవని ఒక కుర్రవాడు కెమెరా ఫోను చేతికిచ్చాక ఆదివారం అందరికంటే ముందు మందిరానికి వస్తున్నాడు. దానిని మేము తక్కువ చేయము. మాకు భయం కలిగించేది వేరే. లైవ్ పెట్టగానే బోధకుని కన్ను ఎదుట కూర్చున్నవారి మీద నుంచి ఫోను వైపు తిరుగుతుంది. ఎంతమంది చూస్తున్నారనే అంకె ప్రార్థన మధ్యలో కూడా మనసులో మెదులుతుంది. కన్నీళ్లతో ప్రార్థిస్తున్న సహోదరి ముఖాన్ని దగ్గరగా చూపించే సంఘాలూ ఉన్నాయి. ఆమెను అడిగారా? విధవరాలి దుఃఖం మన చానెలుకు సరుకు కాదు. మేము కెమెరాను జనం వెనక ఒకే చోట నిలిపాం. సాక్ష్యం చెప్పేవారు తమంతట తాము ఒప్పుకుంటేనే తీస్తాం.

ఆ కుర్రవాడికి మేము ఈమధ్య ఒక పని అప్పగించాం. మన మామ్మల్లో కొందరు పాత కీర్తనలు కంజిర మీద, పుస్తకంలో రాని మెట్లతో పాడతారు. ఒక్కో పల్లెకు ఒక్కో వరస. కీబోర్డు, ప్యాడ్లు వచ్చాక ఆ వరసలు పాడేవారు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. కాలర్ మైకు, ఫోను తీసుకుని సాయంత్రాలు వారి ఇళ్లకు వెళ్తున్నాడు. మొదటి ఆమె ఫ్యాను ఆపేసి, కోళ్లను కమ్మి, మూడు పాటలు పాడింది. నాలుగోది గుర్తుకు రాక ఆగిపోయి, వాళ్ల చెల్లెలికి వచ్చు, ఆమె చెరుకుపల్లిలో ఉంటుంది, అక్కడికి వెళ్లమని చెప్పింది. వచ్చే గురువారం వెళ్తున్నాడు, బస్సు చార్జీ సంఘం ఇస్తోంది.