బుడగ అండాశయంలో, కత్తి గర్భసంచికా?

'తీయించేసుకుంటే పీడ విరగడవుతుంది, లేదంటే క్యాన్సరవుతుంది.' అండాశయంలో నీటిబుడగ ఉందని తేలిన ఆడమనిషికి చెప్పే ఈ మాట ఇంకా ఎన్నాళ్లు చెల్లుబాటవుతుంది? అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లోకి తేవాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న రాష్ట్రాలను ఆదేశించాల్సి రావడమే వైద్యరంగానికి తలవంపు. ఆ ఆదేశాన్ని అందరికంటే ముందు పట్టించుకోవాల్సింది మనమే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్ల వెల్లువ చూసి వాటిని ప్రైవేటు ఆస్పత్రులకు దూరం చేయాల్సి వచ్చిన చరిత్ర కూడా మనదే.

మన్యం నుంచి వచ్చినవారు బుడగ తగ్గిందో లేదో చూసే రెండో స్కానింగ్‌కు మళ్లీ రారన్న వైద్యుల మాటలో నిజముంది. ఆడవాళ్లే తీసేయమంటున్నారన్నదీ అబద్ధం కాదు. అలా అడిగేలా భయపెట్టిందెవరు?

బుడగ ఉన్నది అండాశయంలో. తీసేది గర్భసంచిని. ఒకటి తీస్తే రెండోదానిలోని బుడగ ఎలా పోతుంది? 'అండాశయాలూ తీసేస్తాం' అంటారు. ముప్పై అయిదేళ్ల మనిషికి రెండూ తీసేస్తే ముట్లుడిగే దశ రాత్రికి రాత్రే వచ్చి పడుతుంది. ఒంట్లో ఆవిర్లు, గుల్లబారే ఎముకలు, పెరిగే గుండెజబ్బు ముప్పు. సంతకం పెట్టించుకునేటప్పుడు ఈ ముక్క ఎంతమంది చెబుతున్నారు?

నెలసరి వచ్చే వయసులో 5 సెంటీమీటర్ల లోపు ఉండి, పల్చటి గోడ, లోపల నీరు తప్ప మరేమీ లేని బుడగకు సాధారణంగా చికిత్సే అక్కర్లేదు. రెండు మూడు నెలల్లో చాలావరకు దానంతటదే పోతుంది. 7 సెంటీమీటర్ల దాకా ఉంటే ఏడాదికోసారి స్కానింగ్ చాలు. లోపల గట్టి కండ, అడ్డుగోడలు, పొట్టలో నీరు కనిపిస్తే అనుమానించాలి. ముట్లుడిగాక వచ్చిన బుడగను మరింత జాగ్రత్తగా చూడాలి. రక్తపరీక్షలో సీఏ-125 పెరిగిందని బెదిరిస్తారు. ఎండోమెట్రియోసిస్‌లోనూ, ఫైబ్రాయిడ్లలోనూ, కడుపు క్షయలోనూ, ఆఖరికి ముట్టు రోజుల్లోనూ అది పెరుగుతుంది. ఇవన్నీ ఎంబీబీఎస్ పాఠాలే. తెలియక చెబుతున్నారని మేం నమ్మలేం.

అసలు క్యాన్సరనే అనుమానిస్తే చిన్న నర్సింగ్‌హోంలో కత్తి పట్టడమే తప్పు. అలాంటి కేసు క్యాన్సర్ సర్జన్ చేతికి వెళ్లాలి. విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నది అందుకే. నోటితో క్యాన్సరంటూ, రెండో అభిప్రాయానికి కూడా పంపకుండా మర్నాడే థియేటర్ సిద్ధం చేసేవారు తాము చెప్పేది తామే నమ్మడం లేదు.

పరుగెత్తాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. పొత్తికడుపులో ఒక పక్క ఉన్నట్టుండి మెలిపెట్టే నొప్పి, వాంతులు, జ్వరం, కళ్లు తిరిగి పడిపోవడం. అండాశయం మెలిపడి ఉండొచ్చు, బుడగ పగిలి లోపల రక్తం పోతుండొచ్చు. తెల్లారనిద్దామనుకోకుండా విశాఖలోని కేజీహెచ్‌కో, ఘోషా ఆస్పత్రికో చేరాలి. వారాల తరబడి తగ్గని ఉబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం కూడా, ముఖ్యంగా యాభై దాటినవారిలో, గ్యాస్ మాత్రలతో సరిపెట్టుకోవాల్సినవి కావు.

నలభై ఏళ్ల లోపు వారికి గర్భసంచి తీయాలంటే ఇద్దరు వైద్యుల సంతకం, రాతపూర్వక కారణం తప్పనిసరి చేయాలి. విశాఖలో ఏ ఆస్పత్రి, ఏ వయసువారికి, ఏ కారణంతో, ఎన్ని గర్భసంచులు తీసిందో జిల్లా వైద్యాధికారులు నెలనెలా జనం ముందు పెట్టాలి. లెక్క చెప్పని ఆస్పత్రికి లైసెన్సు ఎందుకు?