వీడ్కోలు కూటం మర్నాడు

చలికాలం వస్తే మన సంఘాలకు అతిథులు వస్తారు. విదేశీ విశ్వాసుల బృందం ఒకటి పది పన్నెండు రోజుల పరిచర్య కోసం దిగుతుంది. అనాథ పిల్లల హోములో గోడలకు రంగులు వేస్తారు, పిల్లలకు పాటలు నేర్పుతారు, దుప్పట్లు పంచుతారు. మట్టెవాడ విశ్వాసులకైనా, వరంగల్‌లోని మరే సంఘానికైనా ఇది కొత్త విషయం కాదు. ఇప్పుడు అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు కూడా ఇలాంటి బృందాలతో ఇతర దేశాలకు వెళ్తున్నారు. ఎక్కడైనా చివరి రెండు రోజులు ఒకేలా ఉంటాయి. వీడ్కోలు కూటం, శాలువాలు, ఫొటోలు. పిల్లలు అతిథుల చేతులు పట్టుకుని ఏడుస్తారు. అతిథులూ కంటతడి పెడతారు. వ్యాను కదిలిపోతుంది.

మర్నాడు ఉదయం ఆ పిల్లల చెయ్యి పట్టుకునేది ఎవరు? మిషను యాత్ర విలువ తేలేది ఈ ప్రశ్న దగ్గరే. వచ్చినవారి ప్రేమను మేము శంకించడం లేదు. కాని ప్రేమ ఒక్కటే చాలదని ఇటీవలి చరిత్ర మనకు నేర్పింది.

2010 జనవరి 12న హైతీ దేశాన్ని భూకంపం కుదిపేసింది. అనాథలను ఆదుకోవాలని అమెరికా నుండి పదిమంది బాప్టిస్టు విశ్వాసులు అక్కడికి వెళ్లారు. జనవరి 29న 33 మంది పిల్లలను బస్సులో ఎక్కించుకుని పక్కనున్న డొమినికన్ రిపబ్లిక్‌కు తీసుకువెళ్తుండగా సరిహద్దులో పోలీసులు ఆపారు. సరైన అనుమతి పత్రాలు లేవు. విచారిస్తే తేలిందేమిటి? ఆ పిల్లల తల్లిదండ్రులు బతికే ఉన్నారు. చదువు, మంచి బతుకు దొరుకుతాయన్న ఆశతో వారే పిల్లలను అప్పగించారు. బృందం జైలు పాలైంది, పిల్లలు తిరిగి తమవారిని చేరుకోవడానికి వారాలు పట్టింది. ఆ పదిమందిలో ఎక్కువమంది మనలాగే ప్రార్థన చేసుకుని బయలుదేరిన సామాన్య విశ్వాసులే.

ఇది ఎక్కడో జరిగిన సంగతి అనుకోవద్దు. 1999లోను, 2001లోను మన ఉమ్మడి రాష్ట్రంలోనే తండాలలోని పేద లంబాడా తల్లుల నుండి శిశువులను సేకరించి విదేశీ దత్తతకు పంపుతున్న వ్యవహారం బయటపడింది. దాంతో పేదరికం కారణంగా బిడ్డను వదులుకునే పద్ధతిని 2001లో ప్రభుత్వం నిషేధించింది. తల్లి పేదరాలైతే బిడ్డ అనాథ అయిపోతాడా? ఈ ప్రశ్న మన తండాల నుండే లేచింది.

ప్రపంచవ్యాప్తంగా ఆశ్రమాలలో ఉన్న ప్రతి అయిదుగురు పిల్లలలో కనీసం నలుగురికి తల్లిగాని, తండ్రిగాని బతికే ఉన్నారని 2009లో ‘సేవ్ ది చిల్డ్రన్’ సంస్థ చెప్పింది. అనాథాశ్రమాలకు పర్యాటకులు, స్వచ్ఛంద కార్యకర్తలు వచ్చిపోవడం పిల్లలకు చేటు చేయవచ్చని 2019 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ హెచ్చరించింది. ఏటా కొత్త ముఖాలకు దగ్గరై, ఏటా వారిని పోగొట్టుకునే పిల్లవాడు చివరికి ఎవరినీ నమ్మలేని స్థితికి చేరవచ్చు. మన దేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం కూడా హోములో ఉంచడాన్ని చిట్టచివరి మార్గంగానే చూస్తుంది.

మరి వాక్యం ఏమంటుంది? నిజమైన భక్తికి గుర్తు చెబుతూ యాకోబు దిక్కులేని పిల్లలను, భర్తను కోల్పోయిన స్త్రీలను కలిపే ప్రస్తావించాడు (యాకోబు 1:27). మనం వారిని విడదీశాం. పిల్లవాణ్ణి హోముకు తెచ్చాం, తల్లిని గుడిసెలోనే వదిలేశాం. పిల్లవాడి తిండికి దాతలు దొరికారు గాని, ఆ తల్లికి కుట్టు మిషను కొనిచ్చేవారు దొరకలేదు.

ప్రభువు తన చివరి గడియల్లో ఏం చేశాడో గమనించండి. సిలువ మీద ఉండి తల్లిని ప్రియ శిష్యునికి అప్పగించాడు. ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు (యోహాను 19:26-27). పౌలు ఎఫెసు పెద్దలకు వీడ్కోలు చెప్పినప్పుడు అక్కడా కన్నీళ్లున్నాయి. కాని అంతకుముందు మూడేళ్లు వారి మధ్య కష్టపడ్డాడు, మందను వారి చేతికి అప్పగించాకే ఓడ ఎక్కాడు (అపొ.కా. 20:17-38). బైబిల్లో వీడ్కోలు అంటే అప్పగింత.

1879లో హనుమకొండకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనువారు పది రోజుల కోసం రాలేదు. తెలుగు నేర్చుకున్నారు, ఏళ్ల తరబడి ఇక్కడే ఉన్నారు. అంతకాలం ఉండలేని నేటి బృందాలు కనీసం అప్పగింతనైనా సరిగా చేయాలి. బయటి ఊతం ఏ రోజైనా ఆగిపోవచ్చు. విదేశీ నిధులపై ఆంక్షలతో 2017 మార్చిలో ‘కంపాషన్ ఇంటర్నేషనల్’ భారతదేశంలో పని ముగించినప్పుడు 1,45,000 మందికి పైగా పిల్లలకు ఆ సహాయం నిలిచిపోయింది. అప్పుడు పిల్లలకు మిగిలింది కుటుంబం, స్థానిక సంఘం.

కాబట్టి చివరి రెండు రోజులను సన్మానాలకు కాక అప్పగింతకు కేటాయిద్దాం. అతిథులు, సంఘ పెద్దలు కలిసి కూర్చోవాలి. ఆ హోముకు చట్టప్రకారం రిజిస్ట్రేషన్ ఉందా? లేకపోతే నిర్వాహకులకు ఏడాది వరకు జైలు, లక్ష రూపాయలకు తక్కువ కాని జరిమానా పడవచ్చు. ప్రతి పిల్లవాడి సంగతి బాలల సంక్షేమ సమితికి తెలుసా? వాడికి తల్లి, నాయనమ్మ, మేనమామ ఎవరున్నారు? వారు సాకగలిగేలా మనం ఏం చేయగలం? ఇలాంటి పిల్లల ఫొటోలు, పేర్లు పత్రికలకు, ప్రసార మాధ్యమాలకు ఎక్కించడం చట్టరీత్యా నేరమని అతిథులకు మర్యాదగా చెప్పాలి.

‘మిషన్ వాత్సల్య’ పథకం కింద అర్హులైన పిల్లలు కుటుంబంలోనే పెరగడానికి నెలకు 4,000 రూపాయల సహాయం ఉంది. భర్తను పోగొట్టుకున్న తల్లుల పిల్లలు, బంధువుల దగ్గర పెరిగే అనాథలు ఇందులోకి వస్తారు. పట్టణాలలో కుటుంబ వార్షికాదాయం 96,000, పల్లెలలో 72,000 రూపాయలు మించకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి. చదువురాని తల్లికి ఆ కాగితాలు నింపిపెట్టడం మన యువజన కూటం చేయదగిన పరిచర్య. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098కు ఫోన్ చేయవచ్చు.

నిజంగా ఎవరూ లేని పిల్లలూ ఉన్నారు. వారిని ఏళ్ల తరబడి కన్నబిడ్డల్లా సాకుతున్న హోము అమ్మలకు, అయ్యలకు మేము చేతులు జోడిస్తున్నాం. వారి భారం మరింత తగ్గాలంటే తల్లులున్న పిల్లలు తల్లుల దగ్గర ఉండాలి.

మట్టెవాడ చెంతనే ఎం.జి.ఎం. ఆసుపత్రి ఉంది. 2021లో కోవిడ్ విజృంభించినప్పుడు చుట్టుపక్కల జిల్లాల నుండి ఎందరో ఇక్కడికి వచ్చారు, కొందరు తిరిగి వెళ్లలేదు. వారి పిల్లలు ఇప్పుడు ఎవరి ఇంట్లో ఉన్నారు, బడికి వెళ్తున్నారా? ఈ ఆదివారం ఆరాధన ముగిశాక ఇద్దరేసి చొప్పున బయలుదేరి మన వీధుల్లోనే ఆరా తీద్దాం. ఈ యాత్రకు వీసా అక్కర్లేదు. వీడ్కోలు కూటం కూడా అక్కర్లేదు, ఎందుకంటే మర్నాడు కూడా మనం ఇక్కడే ఉంటాం.