కంచికి చేరని కథ

'జాను' సినిమా చూసిన పెద్దవాళ్ళు చాలామంది ఒకటే అడుగుతారు: "ఇంతకీ ఏం తేల్చినట్టు?" 2018లో తమిళంలో '96' పేరుతో వచ్చిన కథను అదే దర్శకుడు సి. ప్రేమ్ కుమార్ 2020లో తెలుగులో తీశారు. శర్వానంద్, సమంత నటించారు. బడిలో ఒకరంటే ఒకరికి ఇష్టమున్న రామ్, జాను చాలా ఏళ్ళ తర్వాత పాత విద్యార్థుల సమ్మేళనంలో కలుస్తారు. జానుకు పెళ్ళయింది, కూతురుంది, సింగపూర్‌లో కాపురం. రామ్ పెళ్ళే చేసుకోలేదు. ఆ రాత్రంతా మాట్లాడుకుంటారు. తర్వాత ఆమె విమానం ఎక్కి వెళ్ళిపోతుంది. అంతే. కథ కంచికి చేరదు, మనం మాత్రం ఇంటికి వచ్చేస్తాం.

ముగింపు బాగాలేదనే వాళ్ళతో మేము ఏకీభవించం. విమానాశ్రయంలో రామ్ ఆమెను ఆపేసి ఉంటే ఈలలు పడేవేమో. మేమైతే సింగపూర్‌లో అమ్మ కోసం ఎదురుచూసే ఆ పాప గురించే ఆలోచిస్తూ కూర్చునేవాళ్ళం.

మాకు కోపం తెప్పించింది అంతకు చాలా ముందు జరిగిన సంగతి. పదో తరగతి అయిపోగానే, తండ్రి అప్పుల వల్ల రామ్ కుటుంబం ఊరు వదిలి వెళ్ళిపోతుంది. సెలవుల తర్వాత బడికి వచ్చిన జాను అతని కోసం వెతుకుతుంది. అతను ఉండడు. చెప్పి వెళ్ళలేదు.

మిగతా వాళ్ళకు అదొక సన్నివేశం. మన బడుల్లో అది ప్రతి ఏడాదీ జరిగేదే. ఆర్డరు వస్తుంది, క్వార్టర్ ఖాళీ అవుతుంది, సామాను లారీ ఎక్కుతుంది, టి.సి. చేతికి వస్తుంది. హాజరు పట్టీలో ఒక పేరు మీద గీత పడుతుంది. వెళ్ళిన వాళ్ళ కష్టం గురించి అందరూ మాట్లాడతారు. కొత్త ఊరు, కొత్త భాష, యూనిఫాం ఒక్కటే పాతది. పక్క సీటు ఖాళీ అయిన వాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు. వాళ్ళకు ఊరు మారదు, టీచర్లు మారరు, టిఫిన్ డబ్బా పంచుకునే మనిషి మాత్రం ఉండదు. ఎదురుచూడాలో మరిచిపోవాలో కూడా తెలియదు. ఈ సినిమా ఆ వైపు నిలబడి చూపించింది. అందుకే మాకు నచ్చింది.

పదిహేనేళ్ళ రామ్‌ను తప్పు పట్టలేం. అప్పులవాళ్ళ గొడవలో పిల్లల మాట ఎవరు వింటారు? కానీ తర్వాత అతను జాను కాలేజీ దాకా వెళ్తాడు. తన పేరు చెప్పకుండా కబురు పంపిస్తాడు. తనను విసిగించే వేరే ఎవరో అనుకుని ఆమె పొమ్మంటుంది. అతను నిజంగానే వెళ్ళిపోతాడు! తర్వాత ఆమె పెళ్ళికి కూడా వచ్చి, దూరంగా నిలబడి చూసి వెళ్తాడు. సినిమా దీన్నంతా గొప్ప ప్రేమ అన్నట్టు చూపిస్తుంది. బడి రోజుల నాటి చొక్కాను పెట్టెలో అంత భద్రంగా దాచుకున్నవాడు తన పేరు ఒక్కటి చెప్పలేకపోయాడా?

మా తరగతిలో దీని మీద రెండు జట్లయ్యాయి. "వచ్చింది ఎవరని జాను అయినా అడగొచ్చుగా?" అన్నది రెండో జట్టు వాదన. అదీ నిజమే. ఆ వాదన ఇంకా తెగలేదు.

అప్పట్లో ఫోన్లు లేవు కాబట్టి అలా జరిగింది, ఇప్పుడు ఆ బాధ లేదు అని అమ్మానాన్నలు అంటారు. సినిమాలో వాళ్ళంతా మళ్ళీ కలిసింది వాట్సాప్ గ్రూపు వల్లే, నిజమే. కానీ మన దగ్గర నంబర్లున్నాయి, గ్రూపులున్నాయి. వెళ్ళిన వాళ్ళ నుంచి మొదటి నెల రోజూ మెసేజీలు, మూడో నెలకు పుట్టినరోజు శుభాకాంక్షలు, ఆ తర్వాత బొమ్మ మారిన డీపీ ఒక్కటే. ఉన్న మేమూ అంతే. నంబరు ఉండటం వేరు, ఈ మనిషికి నేను చెప్పి వెళ్ళాలి అనుకోవడం వేరు.

ఈ వేసవిలో మా తరగతిలో ముగ్గురికి బదిలీ ఉండొచ్చంటున్నారు. ఇద్దరు ముందే చెప్పేశారు. ఒకమ్మాయి తన లెక్కల నోట్సు ఎవరికివ్వాలో కూడా తేల్చేసింది. మూడోవాడు ఇంకా నోరు విప్పలేదు. వాళ్ళింట్లో అట్టపెట్టెలు సర్దుతున్నారని మాకు తెలుసు.