మా కయాక్‌కి చుక్కాని వద్దు

చుక్కాని అనే మాట మనందరం విన్నదే. ఫ్రెషర్స్ డే స్పీచ్‌లో ఒకసారి, టీచర్స్ డే స్పీచ్‌లో రెండుసార్లు. గురువు చుక్కాని, లక్ష్యం చుక్కాని, క్రమశిక్షణ చుక్కాని. పడవ వెనక తగిలించే చుక్కాని గురించి మాత్రం మన క్యాంపస్‌లో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. ఇప్పుడు మా ప్రాజెక్ట్ టీమ్ నలుగురం దాని మీదే ఇద్దరిద్దరుగా చీలిపోయి రెండు వారాలుగా మెస్‌లో కొట్టుకుంటున్నాం. పెట్టాలా, వద్దా? నా ఓటు వద్దు అని. మెస్‌లో నన్ను మొత్తం చెప్పనివ్వరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మేము చేస్తున్నది ఒక మనిషి పట్టే ఫైబర్ కయాక్, చేపలు పట్టడానికి. ఎక్స్‌పోలో స్టాల్ పెట్టి ఫోటో దిగి మూల పడేసేది కాదు. మా టీమ్‌లో ఒకడిది కొల్లేరులో లంక గ్రామం. వాళ్ల నాన్నగారిని మేమందరం బాబాయ్ అనే పిలుస్తాం. మావులు వేసి, వలలు కట్టి చేపలు పట్టడమే ఆయన జీవనం. ఇప్పుడున్న పడవ చాలా బరువు, పైగా అడుగు కారుతుంది. ఏడాదికి రెండుసార్లు తారు పూస్తున్నా కారుతూనే ఉంది. ఆయన కుడి భుజం రెండేళ్లుగా నొప్పి. మేము చేసేది పూర్తయితే ఆయన దాంట్లోనే పనికి వెళ్తారు. డబ్బు మేము నలుగురం వేసుకున్నదీ, కాలేజీ ఇచ్చిన కొంచెమూ. ఆన్‌లైన్‌లో చూసిన రడ్డర్ కిట్ కొంటే మా నలుగురి నెల మెస్ బిల్లంత అవుతుంది. అది కొంటే అడుగున వేయాల్సిన ఫైబర్ పొరల్లో ఒకటి తగ్గించుకోవాలి. కాబట్టి ఇది వట్టి థియరీ గొడవ కాదు.

ముందు చుక్కాని చేసే పని ఏంటో చూద్దాం. కారు స్టీరింగ్‌లాగా పడవని తిప్పడానికే అని చాలామంది అనుకుంటారు. కయాక్ విషయంలో అది రెండో పని. మొదటి పని తిన్నగా ఉంచడం. పక్క నుంచి గాలి కొడుతున్నప్పుడు, ముందుకి వెళ్తున్న కయాక్ ముక్కు సాధారణంగా దానంతటదే గాలి వైపుకి తిరుగుతుంది. ముక్కు నీళ్లని చీల్చుకుంటూ పోతుంది కాబట్టి రెండు వైపుల నుంచీ నీళ్లు దాన్ని ఒత్తి పట్టుకుంటాయి. తోక మాత్రం అప్పటికే చెదిరిపోయిన నీళ్లలో ఉంటుంది, దాన్ని అంత గట్టిగా పట్టుకునేది ఏదీ లేదు. గాలి తోకని పక్కకి నెట్టేస్తుంది, ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. అప్పుడు తెడ్డు ఒకే వైపు పదే పదే వేసి సరిచేసుకోవాలి. తోకకి ఒక పలక దింపి, కాళ్ల దగ్గర పెడల్స్‌తో దాన్ని కదుపుతుంటే ఆ అవస్థ తప్పుతుంది. పెద్ద సరస్సుల్లో, సముద్రంలో గంటల తరబడి తెడ్డు వేసేవాళ్లకి ఇది వరం. కాళ్లతో తొక్కి నడిపే కయాక్‌లకైతే తప్పనిసరి, వాటిల్లో చేతిలో తెడ్డు ఉండదు కదా.

ఇంతవరకు నేను చుక్కాని పార్టీయే.

కానీ ఈ లాభమంతా పడవ కాస్త వేగంగా కదులుతున్నప్పుడే. పలక మీద నీళ్లు పారుతూ ఉంటేనే దానికి బలం. ఆ బలం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. గంటకి 6 కిలోమీటర్లు పోయేటప్పుడు ఉండే బలం, 2 కిలోమీటర్ల దగ్గర తొమ్మిదో వంతుకి పడిపోతుంది. ఆగిపోతే సున్నా. బాబాయ్ పని ఎలా ఉంటుందో నేను మూడుసార్లు వెంట వెళ్లి చూశాను. ఒక మావు దగ్గర ఆగుతారు, ఎత్తుతారు, దులుపుతారు, నాలుగు బారలు పోతారు, మళ్లీ ఆగుతారు. పొద్దుటి నుంచి ఎండెక్కేదాకా ఇదే. ఆయన పడవ నడిచే వేగంలో ఏ చుక్కానీ పెద్దగా పని చేయదు.

మరి ఆయన ఇప్పుడు దేంతో తిప్పుతున్నారు? గెడతో. వెనక వైపు నిలబడి గెడ నేలకి ఆనించి, ఒంటి బరువుతో నెడతారు. ఎటు నెడితే దానికి ఎదురు వైపుకి పడవ తిరుగుతుంది. పడవ కదలకుండా ఉన్నా గెడ పని చేస్తుంది, ఎందుకంటే అది నెట్టేది నీళ్లని కాదు, అడుగున ఉన్న నేలని. కొల్లేరు అసలే లోతు తక్కువ చెరువు. వేసవిలో చాలా చోట్ల నడుము లోతు కూడా ఉండదు. ఇలాంటి నీళ్లలో నడిపే సాధనం, తిప్పే సాధనం, ఆగినప్పుడు బురదలో గుచ్చితే లంగరు, మూడూ ఒకే కర్ర. మనం మూడు విడి పార్ట్స్ ఆర్డర్ పెట్టేవాళ్లం.

ఇక గుర్రపుడెక్క. దీని గురించి చెప్పక్కర్లేదు, ఏలూరు చుట్టుపక్కల ఏ కాలువ చూసినా కనిపిస్తుంది. దాంతో పాటు నాచు, తూడు, కిక్కిస గడ్డి. నీళ్లలోకి నిలువుగా దిగిన పలక వీటన్నింటినీ దువ్వెనలా ఏరుకుంటుంది. రడ్డర్ కిట్‌లో తాడు లాగితే పలక పైకి లేచే ఏర్పాటు ఉంటుందని మావాడు చూపించాడు. నిజమే, ఉంటుంది. కానీ గడ్డిలో లేపాలి, లోతు తగ్గితే లేపాలి, వల లాగేటప్పుడు దారాలు చిక్కుకోకుండా లేపాలి. రోజంతా లేపే ఉంచాల్సిన దాన్ని వెనక మోసుకు తిరగడం ఎందుకు?

టీమ్‌లో ఇంకొకడి కోరిక వేరు. చుక్కానికి ఒక సర్వో మోటార్, ఒక ఆర్డుయినో బోర్డు, జీపీఎస్ తగిలించి 'స్మార్ట్ రడ్డర్' అని పేరు పెడితే రివ్యూలో మార్కులు వస్తాయంటాడు. వస్తాయి, నాకూ తెలుసు. మా బ్రాంచ్ వాళ్లకి కోడ్ లేని వస్తువు చూపించాలంటే ఏదో బట్టలు లేకుండా నిలబడ్డట్టు ఉంటుంది. కానీ ఆ బోర్డు తడిసి ఆగిపోయిన రోజు బాబాయ్ ఎవరికి ఫోన్ చేస్తారు? మేము అప్పటికి ఏ బెంగళూరులోనో ఉంటాం.

చుక్కాని కావాలనే వాదనల్లో నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది మాత్రం బాబాయ్ కొడుకుదే. వాడన్నది ఇదీ: "నాన్న భుజం నొప్పి నువ్వు చూడట్లేదు. సరిచేసుకునే ప్రతి దెబ్బా ఆ భుజం మీదే పడుతోంది. కాళ్లతో తిప్పుకునే వీలుంటే చేతికి రెస్ట్ కదా." కొడుకు మాట, కాదనడం కష్టం. అయినా కాదంటున్నాను. కాళ్ల పెడల్స్ వాడాలంటే కాళ్లు చాపి కూర్చోవాలి. బాబాయ్ నిలబడి గెడ వేస్తారు, వంగి మావు ఎత్తుతారు, గొంతుక్కూర్చుని చేపలు ఏరతారు. చాపి కూర్చునే క్షణం ఆయన రోజులో లేదు. చుక్కాని కోసం ఆయన్ని కూర్చోబెడితే గెడ పోయి తెడ్డు వస్తుంది. తెడ్డు పూర్తిగా భుజాల పని. గెడకైతే ఒంటి బరువు సాయం ఉంటుంది. ఆయన భుజాన్ని అరగదీస్తున్నది ఆ పాత పడవ బరువు. కారిన నీళ్లు అడుగున నిలిచి అది ఇంకా బరువెక్కుతుంది. అందుకే కిట్ డబ్బు అడుగుకి పెడదాం అంటున్నాను. ఫైబర్ పొర తగ్గించొద్దు. నిలబడితే ఊగకుండా వెడల్పు పెంచుదాం. గాలికి తోక జారకుండా అడుగున వెనక వైపు రెండంగుళాల పట్టీ ఒకటి పొడవుగా వేద్దాం. కదిలే భాగం లేదు, చిక్కుకునేదీ తక్కువ, ఖర్చు దాదాపు లేదు.

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్తాను, ఇది లిటరరీ క్లబ్ పత్రిక కాబట్టి మీరు ఓర్చుకోవాలి. చుక్కాని అనే మాట అరబీ 'సుక్కాన్' నుంచి వచ్చింది. సముద్రం మీద వ్యాపారం చేసిన ఓడలతో మన రేవుల్లో దిగిన మాట. గెడ, తెడ్డు మాత్రం మన మాటలే. కొల్లేరులో పూర్వం తాటి దోనెలుండేవి, తాటి మానుని తొలిచి చేసేవాళ్లు. అలాంటివి రెండు పక్కపక్కన కట్టేస్తే సంగడి. స్నేహితుడిని సంగడికాడు అనడం వెనక ఇలా జత కట్టిన దోనెలు ఉన్నాయేమో అని నాకు ఒక ఊహ. భాషా శాస్త్రం వాళ్లు కొట్టకండి. ఆ దోనెలు గెడతో నడిచినవే.

అలాగని మన ప్రాంతానికి చుక్కాని పరాయిది అని కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలు సాగునీటికే కాదు, సరుకు పడవలకి కూడా. గోదావరి వైపు నుంచి వచ్చే ఏలూరు కాలువ మన తాడేపల్లిగూడెం మీదుగానే పోతుంది. ఏలూరులో కృష్ణా కాలువతో కలుస్తుంది. ధాన్యం నింపిన పెద్ద పడవల్ని గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగేవాళ్లు. గట్టు నుంచి లాగితే ముక్కు ఎప్పుడూ గట్టు వైపుకే తిరగాలని చూస్తుంది. వెనక ఒకడు చుక్కాని పట్టుకుని దాన్ని కాలువ మధ్యలోకి తోయకపోతే పడవ మట్టిలో కూరుకుంటుంది. అక్కడ చుక్కానికి పని ఉంది, అందుకే ఉంది. 2008లో జాతీయ జలమార్గం 4గా ప్రకటించిన దాంట్లో ఈ కాలువ కూడా ఒక భాగం. ఆ మార్గంలో సరుకు పడవ చేయమని ఎవరైనా ప్రాజెక్ట్ ఇస్తే చుక్కాని గురించి మొదటి రోజే మాట్లాడతాను.

నా వాదనలో ఒక బొక్క ఉంది, అది మా వాళ్లకంటే ముందు నేనే చెప్తాను. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ వచ్చి పడేది కొల్లేరులోనే, బయటకి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు ఆ నీళ్లు తర్వాత వచ్చింది ఇటే. అలాంటప్పుడు గెడకి నేల అందదు. గట్లూ గడ్డీ మునిగిపోయి గాలికి అడ్డేమీ ఉండదు. అప్పుడు తెడ్డే దిక్కు, తెడ్డుకి చుక్కాని తోడుంటే బాగుంటుంది. బాబాయ్‌ని అడిగితే ఆ రోజుల్లో తాను వలకి వెళ్లనన్నారు. కానీ వరదలో మనిషి పడవ ఎక్కేది చేపల కోసమే కాదు. పిల్లల్ని, సామాన్లని, మందుల్ని దాటించడానికి కూడా ఎక్కుతాడు. ఏడాదిలో ఆ నాలుగు రోజుల కోసం మిగతా రోజులు పలక మోయించడం నాకు ఇష్టం లేదు, అలాగని ఆ నాలుగు రోజుల్ని కొట్టిపారేయలేను.

అందుకని నా ప్రపోజల్ ఇదీ. కిట్ ఇప్పుడు కొనొద్దు. ఫైబర్ పొరలు వేసేటప్పుడే తోక లోపలి వైపు ఒక టేకు చెక్క దిమ్మ పెట్టి దాని మీద పొర వేసేద్దాం. రేపు ఎప్పుడైనా చుక్కాని బిగించాలంటే బోల్టులు పట్టుకునే చోటు సిద్ధంగా ఉంటుంది. అచ్చు మూసేశాక ఆ దిమ్మ లోపల పెట్టడం చాలా కష్టం. ఇప్పుడైతే వడ్రంగి దగ్గర మిగిలిన ముక్క చాలు. పొరలు వేసేది వచ్చే శనివారం. ఈలోగా నా మీద కోపం ఉన్న ఆ ఇద్దరూ ఒకసారి లంకకి వచ్చి, బాబాయ్ వెనక నిలబడి, ఆయన గెడ ఎక్కడెక్కడ ఆనిస్తున్నారో చూస్తే మంచిది. బస్సు డబ్బులు నేను పెట్టుకుంటాను.