గొట్టం ఎప్పుడు తీస్తారు?

రెండేళ్ల కిందట వానాకాలంలో, మా బోనకల్‌లో ఓ రాత్రి మా బాబాయి చేను నుంచి అలసిపోయి వచ్చి వసారాలో నేలమీదే పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పి అన్నాడు. కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వచ్చింది. కాటు గుర్తయినా సరిగా కనబడలేదు. కట్లపాము తీరే అంత. ఆసుపత్రి చేరేసరికి ఊపిరి అందడం లేదు. విరుగుడు మందు ఎక్కించి, గొంతులో గొట్టం వేసి, వెంటిలేటరుకు తగిలించారు.

ఆనాటి నుంచి తొమ్మిది రోజులు మా ఇంటిల్లిపాదీ అడిగిన ప్రశ్న ఒక్కటే: "గొట్టం ఎప్పుడు తీస్తారు?" వచ్చిన జవాబూ ఒక్కటే: "చెప్పలేం." ఆ జవాబు మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. తర్వాత మన గ్రంథాలయంలో కూర్చుని చదివితే ఆ కోపం సగం తగ్గింది, సగం అలాగే ఉంది.

తగ్గిన సగం ముందు చెబుతాను. కట్లపాము విషం ఊపిరితిత్తుల జోలికి పోదు. వాటిని ఆడించే కండరాలకు కబురు మోసే నరాల కొనలను పాడుచేస్తుంది. ఒకసారి పాడయ్యాక ఏ మందూ వాటిని బాగుచెయ్యలేదు, అవి మళ్లీ చిగురించాల్సిందే. నారు పోసినవాడు మొలకను గదమాయించగలడా?

అయినా శాస్త్రజ్ఞులు ఊరుకోలేదు. 1991లో యాంగ్, టోబిన్ అనే ఇద్దరు వైద్యులు ఒక లెక్క ప్రకటించారు. రోగిని కాసేపు యంత్రం సాయం లేకుండా ఊపిరి పీల్చనిస్తారు. నిమిషానికి ఎన్నిసార్లు పీల్చాడో లెక్కపెట్టి, ఒక్కో శ్వాసలో వెళ్లిన గాలిని లీటర్లలో తీసుకుని, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తారు. నిమిషానికి 20 సార్లు, శ్వాసకు 0.4 లీటరు అయితే 50. కుక్కపిల్లలా ఎగశ్వాస పోస్తూ 30 సార్లు, 0.25 లీటరు అయితే 120. హద్దు 105. ఇంటర్మీడియెట్ కుర్రాడు కూడా చెయ్యగల భాగహారం! 36 మంది రోగుల మీద హద్దు తేల్చి, 64 మంది మీద పరీక్షించారు. "ఇతను నిలవలేడు" అని ఆ లెక్క చెప్పినప్పుడు నూటికి 95 సార్లు నిజమైంది. "నిలుస్తాడు" అన్నప్పుడు మాత్రం 78 సార్లే. అంటే జోస్యం బాగానే ఉందిగాని, దాన్నే నమ్ముకుని గొట్టం పీకెయ్యలేం.

అందుకే ఇప్పుడు అసలు పరీక్ష వేరు. రోగి కాస్త కుదుటపడ్డాక, రోజుకోసారి యంత్రం సాయం బాగా తగ్గించి, అరగంట నుంచి రెండు గంటల దాకా తనంతట తాను పీల్చుకోనిస్తారు. 1995లో స్పెయిన్ వైద్యులు తేల్చినదేమంటే, యంత్రం సాయాన్ని మెట్టుమెట్టుగా తగ్గించేకంటే ఇలా రోజుకొక్కసారి పరీక్షపెడితేనే గొట్టం త్వరగా వస్తుందని. 1999లో వాళ్లే, రెండు గంటలు అక్కర్లేదు, అరగంట చాలన్నారు. ఇంత చేసి, పరీక్ష నెగ్గినవారిలోనూ నూటికి పది నుంచి ఇరవై మందికి మళ్లీ గొట్టం వెయ్యాల్సి వస్తుంది.

మా బాబాయి ఆ పదీఇరవై మందిలో ఒకడు. అయిదోరోజు తీసి, ఆ రాత్రే మళ్లీ వేశారు. "బిల్లు కోసమే" అని వార్డు ముందు కేకలేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ డాక్టరుగారికి ఈ పుటల మీదుగా క్షమాపణ చెప్పుకుంటున్నాను.

అయితే రెండోవైపు కూడా ఉంది గదా! ఉంచినకొద్దీ న్యుమోనియా భయం. పని లేని ఉదరవితానం చిక్కిపోతుంది కూడాను. యంత్రమే పూర్తిగా ఊపిరి నడిపితే 18 నుంచి 69 గంటల్లోనే దాని కండరపు పోగులు బాగా సన్నబడ్డాయని 2008లో ఒక పరిశోధన చూపింది. రోగులే గొట్టం పీకేసుకున్న సందర్భాల్లో దాదాపు సగం మందికి తిరిగి వెయ్యనక్కర్లేకపోయిందట. అంటే కొందరిని అవసరానికి మించి ఉంచుతున్నామన్నమాట. ముందు తీసినా ముప్పే, ఆలస్యమైనా ముప్పే.

ఇక తగ్గని కోపం. "ఎప్పుడు" అన్నదానికి జవాబు లేకపోవచ్చు. "ఈరోజు పరీక్ష పెట్టారా? ఎంతసేపు నిలిచాడు?" అన్నదానికి ఉంది. రోజూ ఉంది. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు మా పిన్నికి తొమ్మిది రోజుల్లో ఒక్కనాడూ దక్కలేదు. ఒక్కమాట చెప్పివుంటే ఆ రాత్రి మేం కేకలేసేవాళ్లమే కాదు. రైతు వానకోసం ఎదురుచూడ్డం ఎరిగినవాడే. ఈరోజు మబ్బు పట్టిందా లేదా అన్నది కూడా చెప్పకుండా ఇంట్లో కూర్చోమంటేనే అతనికి అనుమానం పుడుతుంది. మనలో రేపు డాక్టర్లూ, నర్సులూ అయ్యేవాళ్ల చెల్లెళ్లూ తమ్ముళ్లూ ఉన్నారు. వాళ్లకు ఈ సంగతి చెప్పండి. ఆసుపత్రి వరండాలో కూర్చునే రోజు మనకే వస్తే, "ఎప్పుడు" అని గాక "ఈరోజు ఏమైంది" అని అడుగుదాం.

తొమ్మిదోరోజు బాబాయి తలగడ మీంచి తల ఎత్తి నిలపగలిగాడు. పరీక్ష నెగ్గాడు. గొట్టం తీశారు, ఈసారి నిలిచింది. కట్లపాము కాటులో ఒళ్లు కదలదు, రెప్ప లేవదు, కాని తెలివి ఉండవచ్చునని నేను తర్వాత చదివాను. అప్పుడు మాకెవరికీ తెలియదు. మంచం పక్కనే నిలబడి డబ్బు లెక్కలు మాట్లాడుకున్నాం. గొంతు పెగలగానే బాబాయి మా నాన్నను అడిగిన మొదటి మాట:

"చెరువు కింద ఎకరం అమ్మేశారా, అన్నా?"